కావడియు సరుకును: సీ భాషలో సర్వసాధారణ నిర్మాణములు



కంప్యూటరునకు పని చెప్పు భాషలలో సీ అను నొక భాష గలదు. దీనిని అమెరికాదేశమందలి బెల్ ప్రయోగశాలలలో డెనిస్ రిచీ అను పండితుడు 1972 ప్రాంతమున రూపొందించెను. అప్పటినుండి అర్ధశతాబ్దమునకు పైగా గడచినను ఈ భాషకు వార్ధక్యము రాలేదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెలు, అనగా నేడు కోట్లకొలది ఫోనులకు అడుగున నుండి నడపుచున్న ఆ మూలవ్యవస్థ, చాలవరకు ఈ భాషయందే వ్రాయబడినది. సంతలలో సరుకు తూచు ఎలక్ట్రానిక్ కాటాల లోపలి చిన్న యంత్రములకును తరచుగా ఈ భాషయే దిక్కు. ఈ భాషలో, ఏ జాతి వస్తువునైనను ఇముడ్చుకొనగల పాత్రలను, అనగా జెనెరిక్ డేటా స్ట్రక్చరులను, ఎట్లు నిర్మింతురో, అందు సౌఖ్యమెంతయో ప్రమాదమెంతయో ఈనాడు విన్నవింపదలచితిని.

నేను ఈ విషయమును బోధించునది ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలము అడవి మొదలగు సీమలో. కావున నా దృష్టాంతములును ఆ సీమవే. ఆ దారులలో కోయవారు కావడి భుజమున వేసికొని సంతకు వచ్చుట మీలో పలువురు చూచియే యుందురు. ఆ కావడిలో ఒకనాడు ఇప్పపువ్వు గంపలు, ఒకనాడు చింతపండు బుట్టలు, మరియొకనాడు నీటి కుండలు. బద్ద ఒక్కటే, ఉట్లు అవియే. సరుకు మాత్రము మారుచుండును. సరుకు పేరు కావడికి అక్కరలేదు. దానికి కావలసినది బరువు మాత్రమే; బరువు తెలియనిచో ఒకవైపు ఒరగును. సర్వసాధారణమైన పాత్ర యనగా ఇట్టి కావడియే. కావడి మరచిన సరుకు పేరును ఎవరో యొకరు జ్ఞాపకముంచుకొనవలెను. ఆ జ్ఞాపకముంచుకొను భారము ఎవరిదన్న ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు కేంద్రము.

సీ భాషలో ప్రతి వస్తువునకును ఒక జాతి, అనగా టైపు, నిర్ణయింపబడి యుండును. పూర్ణాంకము ఒక జాతి, దశాంశసంఖ్య మరియొక జాతి, మనము పలు గడులు చేర్చి కల్పించుకొనిన చీటీ వేరొక జాతి. ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చునట్టి కంపైలరు ఈ జాతులను కనిపెట్టియుండి, ఒక జాతి చీటీ కావలసిన చోట వేరొక జాతి చీటీని అందించినచో అభ్యంతరము చెప్పును. అది ద్వారమువద్ద నిలిచిన కావలివాడు. అయితే పాత్ర సర్వసాధారణము కావలెనన్నచో ఆ కావలివానిని కొంతసేపు కన్నులు మూసికొమ్మని వేడుకొనక తప్పదు.

మా విద్యార్థులకిచ్చిన యొక అభ్యాసమును చెప్పెదను. అడవి సరుకు కొనుగోలునకు లెక్కలు ఉంచవలెను. వేసవిలో తునికాకు కల్లములు సాగును. 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక ప్రామాణిక బస్తా; అనగా బస్తాకు 50,000 ఆకులు. కావున తునికాకు చీటీలో పరిమాణము కట్టల లెక్క, పూర్ణాంకము. తపసి బంక అట్లు కాదు. అది తూకపు సరుకు. నాణ్యమును బట్టి తరగతులు గలవు. కావున బంక చీటీలో పరిమాణము కిలోలలో దశాంశసంఖ్య, దానితో తరగతి యనునొక గడి. రెండిటిలోను తెచ్చినవారి కార్డు సంఖ్యయు, వారి పేరున్న చోటును చూపు చిరునామాయు నుండును. నేటి సాధారణ యంత్రములపై తునికాకు చీటీకి 16 బైట్లు, బంక చీటీకి 24 బైట్లు పట్టును.

విద్యార్థులు మొట్టమొదట ఏ సరుకునకు ఆ సరుకునకే వేరు పట్టికను వ్రాసిరి. ఇది తప్పు గాదు. చిన్న పనికి ఇదియే మేలు. కాని సరుకులు రెండు నాలుగై, నాలుగు ఎనిమిదైనప్పుడు, ఒకే కోడు ఎనిమిది మారులు నకలగును. ఒకదానియందు కనుగొనిన దోషమును దిద్దినను తక్కిన యేడింటిలో ఆ దోషము చల్లగా నిద్రించుచుండును. ఇక్కడనే సర్వసాధారణమైన పాత్ర యొక్క అవసరము పుట్టినది.

సీ భాష ఇందులకు ఇచ్చిన మొదటి సాధనము వాయిడ్ పాయింటరు. పాయింటరనగా మెమొరీలో ఒక చోటి చిరునామా. సామాన్యముగా చిరునామాతోపాటు అచ్చట నివసించువారి జాతియు వ్రాయబడి యుండును. వాయిడ్ పాయింటరులో జాతి తుడిచివేయబడి చిరునామా మాత్రము మిగులును. 1978లో కెర్నిహాన్, రిచీలు ప్రకటించిన గ్రంథకాలమున ఇది లేదు. అక్షరజాతి పాయింటరుతోనే కాలము గడపిరి. 1989 నాటి అమెరికా ప్రమాణపత్రమునందు వాయిడ్ పాయింటరునకు ఆసనము లభించినది.

అయితే జాతి తెలియని చిరునామాకు తరువాతి చీటీ యెచ్చట నున్నదో తెలియదు. కావడికి బరువు కావలసినట్లే, పాత్రకు ఒక్కొక్క వస్తువు ఎన్ని బైట్లో మనము చెప్పవలెను. చెప్పినంతనే దాని పని సుకరమగును. పదవ బంక చీటీ కావలసినచో మొదటినుండి తొమ్మిది ఇరువదినాలుగులు, అనగా 216 బైట్లు దాటవలెను. పదవ తునికాకు చీటీకి 144 బైట్లు దాటవలెను. చీటీని పాత్రలో నుంచుట యనగా అన్ని బైట్లను అటునుండి ఇటు నకలు చేయుటయే. లోన కట్టలున్నవో కిలోలున్నవో పాత్ర యెన్నడును విచారింపదు.

పాత్ర నిండినప్పుడు ఏమి చేయవలెను? చీటీ వచ్చినప్పుడెల్ల ఒక్కొక్క స్థానమే పెంచుచు, ప్రతిసారియు పాతవానిని క్రొత్తచోటికి తరలింపవలసి వచ్చినచో, 1000 చీటీలకు 4,99,500 తరలింపులగును. ఎనిమిది స్థానములతో మొదలుపెట్టి, నిండినప్పుడెల్ల రెట్టింపు చేయుచు పోయినచో, ఏడు పెంపులతో 1024 స్థానములేర్పడును. మొత్తము తరలింపులు 1,016 మాత్రమే. ఈ యుపాయమును ఒక్కచోట, ఒక్కమారు చక్కగా వ్రాసినచో సరుకులన్నిటికిని చాలును. సర్వసాధారణత వలన గలుగు నిజమైన లాభమిది. కాని ఒక జాగ్రత్త. పాత్ర తరలినప్పుడు చీటీల చిరునామాలు మారును. తరలకముందు ఒక చీటీ చిరునామాను గుర్తుపెట్టుకొని తరువాత దానిని వాడువాడు, ఖాళీ చేసిన యింటి తలుపు తట్టుచున్నవాడు.

ఈ మార్గమున ప్రసిద్ధమైనది క్యూసార్ట్ అను ప్రమాణ ఫంక్షను. ఏ జాతి వస్తువులనైనను అది క్రమమున పేర్చును. దానికి నాలుగు చెప్పవలెను: వస్తువులు ఎచ్చట మొదలగునో, ఎన్ని గలవో, ఒక్కొక్కటి ఎన్ని బైట్లో, రెండిటిలో ముందేదో తేల్చు ఫంక్షను ఏదో. తీర్పు చెప్పు ఫంక్షనును మనమే వ్రాయవలెను. ఎందుకనగా వస్తువు జాతి మనకు మాత్రమే తెలియును. 1000 చీటీలను పేర్చుటలో సుమారు 10,000 పోలికలు జరుగును. అన్ని మారులును తీర్పు మన ఫంక్షనుదే.

ఇచ్చట రెండు చిక్కులు గలవు. మొదటిది సూక్ష్మమైనది. తీర్పును ఋణము, సున్న, ధనము అను పూర్ణాంకముగా తెలుపవలెను. ఒక విద్యార్థి రెండు తూకముల భేదమునే తీర్పుగా తిరిగి పంపెను. 2.7 కిలోలలో 2.3 కిలోలు పోగా 0.4, పూర్ణాంకముగా మారునప్పుడు దశాంశభాగము రాలిపోయి సున్న మిగిలినది. సున్నకు అర్థము రెండును సమానమని. పెద్దది చిన్నది అని విడదీసి చెప్పుటకు మారుగా తీసివేతను నమ్ముకొనుట వలన వచ్చిన చిక్కు ఇది. కంపైలరు సామాన్యముగా దీనిని దోషమని నిలుపదు.

రెండవది స్థూలమైనది, ప్రమాదకరమైనది. మరియొక విద్యార్థి బంక చీటీలున్న పాత్రకు తునికాకు చీటీలను చదువు ఫంక్షనును అందించెను. రెండు చీటీలలోను పరిమాణమే మొదటి గడి. 2.5 కిలోల బంక యనునది దశాంశరూపమున ఎనిమిది బైట్లలో నుండగా, ఆ ఫంక్షను మొదటి నాలుగు బైట్లను పూర్ణాంకముగా చదివినది. ఇట్టి చదువునకు ఫలితమింతయని భాషా ప్రమాణము హామీ ఇయ్యదు. మనము వాడు సాధారణ యంత్రములలో ఆ నాలుగు బైట్లును సున్నలు. కావున కాగితముపై అచ్చయినది సున్న. హెచ్చరిక లేదు, ప్రోగ్రాము ఆగలేదు. అది తరగతిలోని అభ్యాసము కనుక నవ్వి దిద్దుకొంటిమి. నిజమైన కేంద్రమున అట్లు జరిగినచో, ఎండలో గుట్టలెక్కి తపసి చెట్లనుండి బంక తీసి తెచ్చిన యాడుమనిషి కార్డుపై సున్న పడును. ఆమెకు అది వ్రాతపని తప్పో యంత్రపు తప్పో తెలియు మార్గము లేదు. జాతిని మరచిన పాత్ర అబద్ధమాడినను నిజము చెప్పిన ముఖముతోనే చెప్పును. ఈ కారణము చేతనే ఈ విషయము నేర్చువారు సౌలభ్యమునకు సంతసించి అంతటితో ఆగరాదని నా మనవి.

యాజమాన్యమను నింకొక విషయము గలదు. చీటీలో పేరు లేదు, పేరున్న చోటి చిరునామా మాత్రమే యున్నదంటిని. పాత్ర చీటీని నకలు తీసినప్పుడు చిరునామాయే నకలగును; పేరు మాత్రము ఒక్కటే యుండును. ఇప్పుడు రెండు చీటీలు ఒకే పేరును చూపుచున్నవి. ఒకరు పని ముగిసినదని ఆ చోటును విడుదల చేసినచో, రెండవ చీటీ శూన్యగృహమును చూపుచు మిగులును. ఇద్దరును విడుదల చేయబోయినచో మరింత చేటు. కావున మంచి గ్రంథాలయములను వ్రాయువారు, వస్తువును నకలు తీయుటెట్లో, విడుదల చేయుటెట్లో తెలుపు ఫంక్షనులను గూడ పాత్రకు అందింతురు. పేరు ఎవరి సొత్తో మొదటనే వ్రాసి యుంచుకొందురు.

ఇన్ని కష్టములున్నను ఈ మార్గమునెందుకు విడువరు? మా సీమ చరిత్రయే సమాధానము చెప్పును. భద్రాచలము, నూగూరు తాలూకాలు 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనివి. ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరినవి. 2014లో రాష్ట్రవిభజన వేళ భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలువగా, చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. నూగూరు వెంకటాపురము ఆ యేట జయశంకర్ భూపాలపల్లి జిల్లాకును, 2019లో ములుగు జిల్లాకును మారినది. చింతూరు మొదలగునవి 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. గ్రామము కదలలేదు, గోదావరి కదలలేదు. చీటీలోని గడులు మాత్రము మరల మరల మారవలసి వచ్చినది. రాష్ట్రము అను క్రొత్త గడి చేర్చినచో 24 బైట్ల చీటీ 32 బైట్లు కావచ్చును. పాత్ర చీటీ లోపలిని ఎరుగనిదైనచో, పరిమాణమును కంపైలరునే అడిగి తెలుసుకొనునట్లు వ్రాసినచో, పాత్రలో ఒక్క పంక్తియు మార్పనక్కరలేదు. తెలియకుండుటయే ఇచ్చట దానికి బలము.

రెండవ మార్గము మాక్రోలు. కంపైలరు చదువుటకు ముందే ప్రోగ్రాము పాఠమునందు ఒక పదమునకు బదులు వేరొక పాఠమును నింపు ఏర్పాటు ఇది. అచ్చొకటి చేసియుంచి, తునికాకు అన్నచో తునికాకు పాత్రను, బంక అన్నచో బంక పాత్రను అచ్చు పోయించుకొనవచ్చును. ఇందు జాతి చెరిగిపోదు. కావలివాడు మేలుకొనియే యుండును. పోలికలును వేగముగ సాగును. కాని అచ్చులో దోషమున్నచో కంపైలరు చూపు తప్పు అచ్చునందు గాక, పోత పోసిన చోట కనబడును. దానిని వెదకి పట్టుట కొత్తవారికి దుర్లభము. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క ప్రతి పుట్టుట వలన యంత్రభాషలోని ప్రోగ్రాము స్థూలించును.

మూడవ మార్గము లినక్స్ కెర్నెలులో విరివిగా వాడబడునది. దీనిని దామెనతో పోల్చెదను. పశువులను వరుసగా కట్టు దామెనత్రాడు మీరెరిగినదే. ప్రతి పశువు మెడలో దాని పలుపు దానికే యుండును. దామెన పలుపును పట్టుకొనును గాని, అది ఆవో దూడయో విచారింపదు. అట్లే ప్రతి చీటీలోపలనే ముడి యను నొక గడిని చేర్చెదరు. అందు ముందువాని చిరునామాయు వెనుకవాని చిరునామాయు నుండును. సాధారణ యంత్రములపై రెండును కలిసి 16 బైట్లు. పట్టిక ముడులను మాత్రమే ఎరుగును. బంక చీటీలో ముడి 24వ బైటు తరువాత మొదలైనచో, ముడి చిరునామానుండి 24 బైట్లు వెనుకకు నడచిన చీటీ తల దొరకును. ఆ దూరమును మనము లెక్కింపనక్కరలేదు. ఆఫ్‌సెటాఫ్ అను ప్రమాణ సాధనము చెప్పును. దానిపై నిర్మించిన కెర్నెలు మాక్రోకు కంటైనరాఫ్ అని పేరు.

ఈ మార్గములో చీటీని పాత్రలోనికి నకలు తీయు పనియే లేదు. ఒకే చీటీకి రెండు మూడు ముడులు పెట్టినచో అది ఒకేసారి గ్రామముల వరుసలోను, తేదీల వరుసలోను నిలువగలదు. పేరు ఎవరి సొత్తన్న తగవు చాలవరకు తగ్గును. అయినను ముడినుండి వెనుకకు నడచునప్పుడు, ఇది ఏ జాతి చీటీలోని ముడియో చెప్పవలసినవారము మనమే. తునికాకు ముడిని బంక ముడియని చెప్పినచో 16 బైట్లకు బదులు 24 బైట్లు వెనుకకు పోయి, పొరుగువాని పొలములో అడుగు పెట్టెదము. దామెన మనలను వారింపదు.

2011 నాటి ప్రమాణపత్రమునందు జెనెరిక్ అను క్రొత్త పదబంధము చేర్చబడినది. అది పాత్రను నిర్మించి యియ్యదు. మనము అందించిన వస్తువు జాతిని చూచి, కంపైలు చేయు సమయమునందే, దానికి తగిన ఫంక్షనును ఎన్నుకొనును. తునికాకు చీటీ నందించిన కట్టల ఫంక్షను, బంక చీటీ నందించిన కిలోల ఫంక్షను పలుకును. పాత్రలోనికి ప్రవేశించు ద్వారమువద్ద దీనిని నిలిపినచో పూర్వము చెప్పిన పొరపాటులు కొన్ని అచ్చటనే ఆగును. అన్ని జాతుల చీటీలను ఒకే పాత్రలో కలిపి యుంచవలసి వచ్చినచో, ప్రతి చీటీ మొదట దాని జాతిని తెలుపు ముద్ర యొకటి వేసి, చదువుటకు ముందు ముద్రను చూచుట ఉత్తమము. దీనికి పట్టు కొన్ని బైట్లు వ్యర్థము గావు.

వేరు భాషలు లేవా యని మీరడుగవచ్చును. గలవు. రాబిన్ మిల్నరు ఎమ్మెల్ భాషతో 1970 దశకముననే జాతులను మరవని సర్వసాధారణతను చూపెను. సీప్లస్‌ప్లస్ టెంప్లేట్లను, జావా 2004లో జెనెరిక్కులను చేకొన్నవి. అచ్చట జ్ఞాపకముంచుకొను భారమును కంపైలరు వహించును. దానికి మూల్యముగా ఆ భాషలు క్లిష్టములైనవి. సీ భాష చిన్నది. కొద్దిపాటి మెమొరీ గల యంత్రముపైనను నిలుచును. ఆ చిన్నతనము కొరకు భారమును ప్రోగ్రాము వ్రాయువాని భుజముపై పెట్టినది.

కావున ఈ విద్య నేర్చు పిన్నలకు నా సలహా నాలుగు మాటలు. రెండు జాతులకే పని యున్నచో రెండు పాత్రలు వేర్వేరుగా వ్రాసికొనుడు. ఆవశ్యకత కలిగిన పిమ్మటనే సర్వసాధారణతకు పోవుడు. పోయినప్పుడు వాయిడ్ పాయింటరును పాత్ర లోపలనే దాచి, వెలుపలి ద్వారమున జాతి పేరు గల చిన్న ఫంక్షనులను నిలుపుడు. తక్కినవారు వానినే పిలుతురు గాక. వస్తువు ఎవరి సొత్తో, ఎవరు విడుదల చేయవలెనో పాత్ర తలపైననే వ్రాయుడు. చివరిది, పరీక్షించునప్పుడు ఒకే జాతితో తృప్తి చెందక, పరిమాణము వేరు, రూపము వేరు అయిన రెండు జాతులతోనైనను పరీక్షింపుడు. ఒక్క సరుకునే మోసిన కావడి అన్నిటిని మోయునని నమ్మరాదు.

కావడి సరుకు పేరు మరచుటలో దోషము లేదు. మోయువాడు మరువకున్న చాలును. లెక్క యేదైనను దాని చివర ఒక మనుష్యుని కూలి యున్నదని తలచి వ్రాయువాని చేతిలో, ఈ పాతభాష నేటికిని మంచి పనిముట్టు.